అభిమానం అప్పు కాదు

ఇక ఆడనని వి.వి.ఎస్. లక్ష్మణ్ 2012 ఆగస్టు 18న ప్రకటించాడు. ఆ మాట హైదరాబాద్‌లోనే చెప్పాడు. అప్పటికే న్యూజీలాండ్‌తో సిరీస్‌కు అతన్ని ఎంపిక చేశారు. మొదటి టెస్టు ఇంకో ఐదు రోజుల్లో, ఆగస్టు 23న, ఉప్పల్‌లో మొదలవ్వాలి. సొంతూరు, సొంత గ్రౌండు, సొంత జనం. ఆ ఒక్క మ్యాచ్ ఆడి, బ్యాటు పైకెత్తి నలువైపులా చూపించి, చప్పట్ల మధ్య వెళ్ళిపోయి ఉండొచ్చు. అట్లా చెయ్యలేదు. లోపలి గొంతు చాలని చెబుతోందనీ, కుర్రవాళ్ళకు చోటివ్వడానికి ఇదే సమయమనీ చెప్పి అప్పటికప్పుడే ఆపేశాడు.

ఆ వారంలో కట్టంగూర్‌లో ఒక మిత్రుడు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "ఇన్నేండ్లు చూసినోళ్ళం. మాకు ఒక్క మాటన్న చెప్పకుండ ఎట్ల పోతడు?" సగం నవ్వులాటకే అన్నాడు. మిగతా సగం మాత్రం నిజంగానే అలిగాడు. ఉప్పల్ మ్యాచ్‌కు పోదామని నలుగురిని పోగుచేసి పెట్టుకున్నాడు మరి. లక్ష్మణ్ ఇతన్ని ఎన్నడూ చూడలేదు. కట్టంగూర్ అని ఒక ఊరుందని తెలుసో లేదో. అయినా సరే, అలక అలకే.

ఈ అలకలో న్యాయం ఎంత అన్నదే నా ప్రశ్న. ఒక ఆటగాణ్ణి పదహారేళ్ళు ఇష్టపడితే, ఆ ఇష్టానికి బదులుగా అతను మనకు ఏమైనా బాకీ పడతాడా? ఒక వీడ్కోలు మ్యాచ్? కాస్త కృతజ్ఞత? మనం ఊహించుకున్న మనిషిలాగే చివరిదాకా ఉండటం? చూడటానికి చిన్న ప్రశ్నే. కానీ అభిమానం పేరుతో మనుషులు చేసే మంచీ చెడూ చాలావరకు దీనికి వాళ్ళు మనసులో ఇచ్చుకున్న జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.

తెలుగునాట ఈ ప్రశ్నకు జవాబు స్టేజీల మీద ఎప్పుడో ఇచ్చేశారు. సినిమా ఫంక్షన్ ఏదైనా తీసుకోండి. హీరో మైకు పట్టుకోగానే అభిమానులు దేవుళ్ళయిపోతారు. మీ ఋణం ఈ జన్మలో తీర్చుకోలేనంటాడు. కింద వేలమంది ఈలలు వేస్తారు. మర్యాదకు అనే మాటే, కాదనను. కానీ ఏళ్ళ తరబడి అదే మాట వింటూ వచ్చిన అభిమాని తనను తాను నిజంగానే అప్పిచ్చినవాడిగా అనుకోవడం మొదలుపెట్టాడు. కటౌట్‌కు పాలు పోసినవాడికీ, సొంత డబ్బుతో ఫ్లెక్సీ కట్టినవాడికీ, మొదటి ఆట టికెట్ కోసం చొక్కా చింపుకున్నవాడికీ మనసులో ఒక లెక్క ఉంటుంది. ఆ హీరో వరసగా మూడు ఫ్లాపులిస్తే "మమ్మల్ని బయట తలెత్తుకోనిస్తలేడు" అంటారు. క్రికెట్ దగ్గరికి కూడా ఇదే లెక్క వెంట తీసుకుపోయాం.

అసలు అభిమానం అన్న మాటలోనే ఒక మెలిక ఉంది. తెలుగులో దానికి రెండు అర్థాలు. ఒకటి, ఇంకొకరి మీద ఇష్టం. రెండోది, మన మీద మనకుండే గౌరవం. "అభిమానం చంపుకుని చెయ్యి చాచాడు" అంటాం. "అభిమానం గల మనిషి" అంటే మాట పడనివాడని అర్థం. ఒకే మాట అవతలివాడి వైపూ చూస్తుంది, మన వైపూ చూస్తుంది. "నేను లక్ష్మణ్ అభిమానిని" అన్నప్పుడు అతని ఆటను మెచ్చుకుంటున్నామా, అతనివల్ల మన తల కాస్త ఎత్తుగా ఉందని సంతోషిస్తున్నామా? రెండూనూ. అతను ఫోర్ కొడితే మన ఛాతీ ఉబ్బుతుంది. డకౌట్ అయితే మన మొహం వాడిపోతుంది. మొదటి అర్థం ఎంత పెరిగినా ఎవరికీ నష్టం లేదు. రెండో అర్థం పెరిగేకొద్దీ అవతలి మనిషి మన పరువు మోసే కూలీ అవుతాడు. కూలీ మూట దించి పక్కకు పోతానంటే మనకు కోపం వస్తుంది.

లక్ష్మణ్ విషయంలో మా ఊరి వరస చెబుతాను. కట్టంగూర్ ఉన్నది హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే రోడ్డు మీద, నార్కట్‌పల్లికీ నకిరేకల్‌కీ మధ్య. అప్పట్లో అది 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. లక్ష్మణ్ అమ్మానాన్నలు విజయవాడలో డాక్టర్లు. అతను పుట్టిందీ, ఆట నేర్చుకున్నదీ హైదరాబాద్‌లో. అంటే అతని రెండు ఊళ్ళనూ కలిపే రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. "మనోడు" అనుకోవడానికి మాకు ఆ మాత్రం చాలు. తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజుల్లో అతను ఆంధ్రా మనిషా, తెలంగాణ మనిషా అని ఛాయ్ హోటల్లో వాదన కూడా జరిగింది. కాసేపు విన్న ఒక పెద్దాయన "ఆయన కాళ్ళు కదపకుండనే కొడ్తడు, ఎటూ పోడు, ఊకోండ్రి" అని తేల్చేశాడు. లక్ష్మణ్ ఆటను అంతకన్నా క్లుప్తంగా ఎవరూ వివరించలేరు. పాదాలు పెద్దగా కదిలేవి కావు. పనంతా మణికట్టుదే.

ఆ మణికట్టు దేశమంతా చూసింది 2001 మార్చిలో, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో. ముంబయిలో గెలిచిన ఆస్ట్రేలియా వరసగా 16 టెస్టులు గెలిచి అక్కడికి వచ్చింది. మనవాళ్ళు మొదటి ఇన్నింగ్స్‌లో 171కి కుప్పకూలారు. అందులో 59 లక్ష్మణ్‌వి. 274 పరుగులు వెనకబడి మళ్ళీ బ్యాటింగుకు దిగాల్సి వచ్చింది. ఈసారి అతన్ని మూడో స్థానంలో పంపారు. మార్చి 14న, అంటే నాలుగో రోజు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అతనూ ద్రావిడూ అవుట్ కాలేదు. ఆ ఒక్కరోజే 335 పరుగులు. ఇద్దరూ కలిపి 376. ద్రావిడ్ 180, లక్ష్మణ్ 281. చివరికి ఇండియా 171 పరుగులతో గెలిచింది. మా ఊళ్ళో ఆ మ్యాచ్‌ను దూరదర్శన్‌లో చూశాం, కరెంటు పోయినప్పుడల్లా ట్రాన్సిస్టర్ చుట్టూ చేరాం. పదో తరగతి పరీక్షల కాలం. ఏ ఇంట్లోనూ పుస్తకాలు సరిగా తెరుచుకోలేదు.

ఆ ఇన్నింగ్స్‌లో లెగ్ స్టంపుకు బాగా బయట, గరుకు నేల మీద షేన్ వార్న్ వేసిన బంతులు గుర్తు తెచ్చుకోండి. అటువంటి బంతిని ఏ బ్యాట్స్‌మన్ అయినా కాలుతో ఆపి ఊపిరి పీల్చుకుంటాడు. లక్ష్మణ్ ఒకసారి కవర్స్ మీదుగా, ఇంకోసారి మిడ్‌వికెట్ వైపు కొట్టాడు. అట్లా కొట్టేటప్పుడు అతని మనసులో కట్టంగూర్ ఉండే అవకాశం లేదు. కోల్‌కతా కూడా ఉండి ఉండదు. వచ్చే బంతి ఒక్కటే ఉండి ఉంటుంది. మనకు అంత ఆనందం ఇచ్చిన పని మనల్ని పట్టించుకోకుండా జరిగింది. పట్టించుకుని ఉంటే అంత బాగా జరిగేది కాదేమో కూడా. అభిమానులు గుర్తుపెట్టుకోవలసిన మొదటి సంగతి ఇదే అనుకుంటాను. మనం అతనికేమీ ఇవ్వకముందే అతను మనకు ఇచ్చాడు. ఇచ్చినట్టు అతనికి తెలియదు. ఎవరి ఖాతాలోనూ అది రాసుకోలేం.

ఖాతా రాసుకుంటే ఏమవుతుందో అదే ఈడెన్ గార్డెన్స్ అంతకుముందే చూసింది. 1996 మార్చి 13, ప్రపంచకప్ సెమీఫైనల్. శ్రీలంక మీద ఇండియా 8 వికెట్లకు 120 దగ్గర ఉండగా జనం సీసాలు విసిరారు, స్టాండ్లలో మంటలు పెట్టారు. ఆట సాగే దారి లేక మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశారు. సరిగ్గా ఐదేళ్ళకు, 2001 మార్చి 13 సాయంత్రం, అదే గ్రౌండులో లక్ష్మణ్ 109 పరుగులతో అజేయంగా పెవిలియన్‌కు నడిచాడు. అవే మెట్లు, అదే జనం లేచి నిలబడ్డారు. ఒకరోజు మంట పెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళూ, ఇంకోరోజు నిలబడ్డవాళ్ళు మంచివాళ్ళూ అనుకోవడం తేలిక. రెండు రోజులూ వచ్చిన మనుషుల్లో చాలామంది ఒకే రకం మనుషులై ఉంటారు. తేడా వాళ్ళ ప్రేమలో లేదు. ఒకరోజు బాకీ వసూలైంది, ఒకరోజు కాలేదు, అంతే. 2007లో ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్ చేతిలో ఓడిపోగానే రాంచీలో ధోనీ కట్టుకుంటున్న ఇంటి మీదకు జనం పోయి ధ్వంసం చేశారు. నాలుగేళ్ళకు అదే ధోనీ కప్పు గెలిస్తే దేశమంతా రోడ్ల మీదికొచ్చి చిందులేసింది. ఆ ఇంటి మీదకు పోయినవాళ్ళు అతని శత్రువులు కారు. శత్రువులకు అంత కోపం రాదు.

ఇక్కడ ఒక మాట అడగొచ్చు. టికెట్ కొన్నది మేమే కదా, టీవీ ముందు కూర్చుని ప్రకటనలన్నీ చూసింది మేమే కదా, ఆ డబ్బుతోనే కదా వీళ్ళు బతికేది? నిజమే. కానీ టికెట్ కొన్నవాడికి ఉండే హక్కు ఆ రోజు కుర్చీకీ, ఆ రోజు ఆటకీ పరిమితం. ఆడేవాళ్ళు నిజాయితీగా ఆడాలని అడిగే హక్కు అందులో ఉంది. ఫలితం ముందే అమ్ముకుంటే కచ్చితంగా మోసమే, అక్కడ కోపం న్యాయమైనదే. అది కొనుగోలుదారుడి హక్కు. అభిమాని అడిగేది వేరు. అతను మనిషి జీవితంలో ఒక ముక్క అడుగుతున్నాడు. ఎప్పుడు మానాలి, ఎట్లా మానాలి, ఎట్లా మాట్లాడాలి, ఎవరికి కృతజ్ఞుడై ఉండాలి, ఇవన్నీ. అది ఏ టికెట్ వెనకా అచ్చువెయ్యలేదు.

కృతజ్ఞత చూపే ఆటగాళ్ళు చాలామందే ఉన్నారు. లక్ష్మణ్ తన వంతుగా చేసినవీ ఉన్నాయి. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు డెక్కన్ చార్జర్స్‌కు ఐకాన్ ఆటగాడిగా ఉంటే జట్టులో అందరికన్నా ఎక్కువ డబ్బు అతనికే దక్కేది. వేలంలో జట్టు చేతిలో ఇంకొంచెం డబ్బు మిగలాలని ఆ హోదా వద్దన్నాడు. మంచి పని. కానీ అది అతని చేతిలోంచి వచ్చింది కాబట్టే మంచి పని అయింది. మనం కాలర్ పట్టుకుని ఇప్పించుకుంటే అందులో మంచి ఏముంటుంది?

డబ్బు సంగతి అట్లా ఉంచితే, మనం వసూలు చెయ్యాలనుకునే వాటిలో అన్నిటికన్నా విచిత్రమైనది బొమ్మ. ఒక మనిషిని చాలా ఏళ్ళు చూస్తే అతనికొక బొమ్మ తయారుచేసుకుంటాం. లక్ష్మణ్ అంటే శాంతం. గొంతు పెంచడు, ఎవరినీ ఒక మాట అనడు. 2010 అక్టోబరులో మొహాలీలో ఆస్ట్రేలియా మీద గెలవడానికి 216 కావాలి. 124కే 8 వికెట్లు పోయాయి. లక్ష్మణ్‌కు నడుం పట్టేసింది, అతని బదులు పరుగులు తియ్యడానికి రైనా వచ్చాడు. ఇషాంత్ శర్మ 31 కొట్టి 81 పరుగుల భాగస్వామ్యంలో నిలబడ్డాడు. చివరి వికెట్‌గా హైదరాబాదీ ప్రజ్ఞాన్ ఓఝా వచ్చాడు. ఒక పరుగు దగ్గర ఓఝా తటపటాయించాడు. అప్పుడు లక్ష్మణ్ బ్యాటు ఊపుతూ అరిచాడు. టీవీలో అందరూ చూశారు. 73 పరుగులతో చివరిదాకా నిలబడి ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు.

ఆ అరుపు చూసి మా ఊళ్ళో కొందరు మురిసిపోయారు, కొందరు "ఛ, లక్ష్మణ్ ఇట్లా అంటాడనుకోలేదు" అన్నారు. రెండోవాళ్ళ మాట గురించి చాలాసార్లు ఆలోచించాను. అతని శాంతం అతనిదే. దాన్ని మనకేమీ రాసివ్వలేదు. నడుం నొప్పితో నిలబడ్డ మనిషి, గెలుపు చేతికందే దూరంలో ఉండగా, ఒక క్షణం సహనం కోల్పోవడానికి మన అనుమతి అక్కర్లేదు. నిజానికి ఆ అరుపు తర్వాతే అతని శాంతం విలువ నాకు ఎక్కువ అర్థమైంది. కోపం రానివాడు కాదన్నమాట, వచ్చిన కోపాన్ని అన్నేళ్ళు అణచుకున్నవాడు. బొమ్మ పగిలిన చోట మనిషి కనపడ్డాడు. అభిమానానికి అది లాభమే.

మళ్ళీ వీడ్కోలు మ్యాచ్ సంగతికి వద్దాం. అది ఎందుకంత కావాలనిపిస్తుంది? చాలాకాలం ఆడిన ఆటగాడు మన జీవితంలో గోడగడియారం లాంటివాడు. లక్ష్మణ్ మొదటి టెస్టు 1996 నవంబరులో అహ్మదాబాద్‌లో. చివరిది 2012 జనవరిలో అడిలైడ్‌లో. 134 టెస్టులు, 8,781 పరుగులు, 17 సెంచరీలు. ఆ పదహారేళ్ళలో మా తరంవాళ్ళు నిక్కర్ల నుంచి ప్యాంట్లలోకి వచ్చారు, ఇంటర్ ఫెయిలయ్యారు, ఎంసెట్ రాశారు, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉన్నారు, ఉద్యోగాల్లో చేరారు, కొందరు పిల్లల్ని కన్నారు. స్కోరు ఎంత అని అడిగితే ఐదో నంబరులోనో ఆరో నంబరులోనో ఇంకా లక్ష్మణ్ ఉన్నాడన్న ధైర్యం ఒకటి ఎప్పుడూ ఉండేది. అతను ఆపేశాడంటే ఆ కాలం అయిపోయిందని. మనకు కావలసిన వీడ్కోలు అతనికి చెప్పేది కాదు, మన చిన్నతనానికి చెప్పుకునేది. కోరిక సహజమే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ మన చిన్నతనానికి ముగింపు రాసిపెట్టే పని ఇంకొకరి మీద ఎట్లా వేస్తాం?

పైగా ఏర్పాటు చేసుకున్న ముగింపులు చెప్పిన మాట వినవు. 1948లో ఓవల్‌లో బ్రాడ్‌మన్ చివరి టెస్టు. జనం లేచి నిలబడ్డారు, ఇంగ్లాండ్ ఆటగాళ్ళు జేజేలు కొట్టారు. సగటు వంద కావడానికి 4 పరుగులు చాలు. రెండో బంతికి సున్నా మీద బౌల్డ్. 99.94 దగ్గర ఆగిపోయింది. 2013 నవంబరులో టెండూల్కర్ తన 200వ టెస్టు వాంఖడేలో ఆడి, మైకు పట్టుకుని ఒక్కొక్కరినీ పేరుపేరునా తలచుకుని పోయాడు. ఏడవనివాళ్ళు తక్కువ. అదీ బాగుంది. అతనికి అట్లా పోవాలనిపించింది, పోయాడు. లక్ష్మణ్‌కు ఇట్లా పోవాలనిపించింది. ఒకరు అభిమానుల్ని గౌరవించారనీ, ఒకరు గౌరవించలేదనీ లెక్కతేల్చడం కుదరదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అడిలైడ్‌తో ముగిసిన ఆ ఆస్ట్రేలియా సిరీస్‌లో మనవాళ్ళు 4-0తో ఓడిపోయారు. నాలుగు టెస్టుల్లో లక్ష్మణ్ 155 పరుగులే చేశాడు. అప్పుడు "ముసలోళ్ళు ఇంకా ఎన్నాళ్ళు పట్టుకుని వేలాడతారు" అని గొంతులు లేచాయి. ఆర్నెల్ల తర్వాత అతను వదిలేస్తే "ఒక్క మ్యాచ్ ఆడాల్సింది" అని గొంతులు లేచాయి. ఉండమన్నవాళ్ళూ, పొమ్మన్నవాళ్ళూ ఇద్దరూ అభిమానులే. ఇద్దరి మాటా వినడం ఎవరికీ సాధ్యం కాదు. కాబట్టి తన మాట తాను విన్నాడు. ఒక పనిని నిజంగా ప్రేమించిన మనిషి దాన్ని ఎప్పుడు వదలాలో తానే తేల్చుకోవాలి. అది అతని అభిమానం, మాట రెండో అర్థంలో.

ఇంతవరకూ అభిమానికి రాని హక్కుల గురించి చెప్పాను. మరి అభిమానం మొత్తం ఉత్తదేనా? వ్యర్థమా? అట్లా అనుకోను. కానీ దాని విలువ ఎక్కడుందో చూడాలంటే ముందు దాని గుడ్డితనం ఒప్పుకోవాలి. అందుకు ఇంకొక హైదరాబాదీ కథ కావాలి.

మిథాలీ రాజ్ సికింద్రాబాద్‌లో పెరిగింది. 1999 జూన్ 26న, పదహారేళ్ళ వయసులో, ఐర్లండ్ మీద తన మొదటి వన్డేలో 114 నాటౌట్. 2002 ఆగస్టులో టాంటన్‌లో ఇంగ్లాండ్ మీద టెస్టులో 214. అప్పటికి మహిళల టెస్టుల్లో అంతకన్నా పెద్ద స్కోరు లేదు. లక్ష్మణ్ 281కీ దీనికీ మధ్య ఏడాదిన్నర కూడా లేదు. 281 గురించి మా ఊళ్ళో బడ్డీకొట్టు దగ్గర కూడా మాట్లాడుకున్నారు. 214 మా ఊరి దాకా రాలేదు. వచ్చే దారి లేదు. మహిళల క్రికెట్ 2006 దాకా బీసీసీఐ కింద లేనే లేదు. ఆ తరం ఆటగాళ్ళు రైళ్ళలో కిట్లు మోసుకుంటూ, దొరికిన చోట పడుకుంటూ తిరిగిన రోజుల గురించి చాలాసార్లు చెప్పారు. 2005లో మిథాలీ సారథ్యంలో జట్టు ప్రపంచకప్ ఫైనల్‌కు వెళ్ళింది. దేశం అటు తిరిగి చూడలేదు. తిరిగి చూసింది 2017 జూలైలో, లార్డ్స్‌లో ఇంకో ఫైనల్ తొమ్మిది పరుగులతో ఓడిపోయినప్పుడు. ఆ టోర్నీకి ముందే ఒక విలేఖరి ఆమెను, మగ క్రికెటర్లలో మీకు ఎవరిష్టమని అడిగాడు. ఇదే ప్రశ్న మగ క్రికెటర్లను, ఆడవాళ్ళలో ఎవరిష్టమని ఎప్పుడైనా అడిగారా అని ఆమె తిరిగి అడిగింది. 2022 జూన్ 8న ఆపేసేసరికి ఇరవై మూడేళ్ళు ఆడింది. 232 వన్డేలు, 7,805 పరుగులు. అప్పటికి మహిళల వన్డేల్లో అన్నీ ఆమె తర్వాతే.

అభిమానాన్ని ప్రతిభకు వేసే మార్కులనుకుంటే ఈ కథ అర్థం కాదు. ప్రతిభ రెండుచోట్లా ఉంది. అభిమానం ఒకచోటే పండింది. కెమెరా ఎటు తిరిగితే అటు పారే నీళ్ళు అవి. కాలువ లేని చేను ఎండిపోతుంది, మట్టిలో లోపమేమీ ఉండదు. పదిహేను పదహారేళ్ళపాటు చప్పట్లు లేకుండా ఆడిన మనిషి "అభిమానుల ఋణం" గురించి ఏమనుకుంటుంది? ఎవరికి బాకీ ఆమె? అప్పు లెక్క ఇక్కడికొచ్చేసరికి పూర్తిగా తేలిపోతుంది. చప్పట్లు ఆటను పుట్టించవు. ఆట ముందే ఉంటుంది. మనం ఆలస్యంగా వస్తాం, ఒక్కోసారి అసలే రాము.

మరి అభిమానం చేసే మేలు ఏది? నాకు తోచింది ఒకటే. అది చూడటం నేర్పుతుంది. లక్ష్మణ్‌ను పదహారేళ్ళు చూసినవాడికి బంతిని ఆలస్యంగా ఆడటం అంటే ఏమిటో తెలుస్తుంది. చివరి వరస బ్యాట్స్‌మెన్‌ను పెట్టుకుని ఆడటంలో ఉండే ఓపిక తెలుస్తుంది. గొప్ప పని చేస్తూ దాన్ని చాటుకోని మనిషి ఎట్లా నడుస్తాడో తెలుస్తుంది. ఈ చూపు మనకు మిగులుతుంది. అతను ఆట మానేసినా పోదు. దాన్ని అతనికే తిరిగివ్వనక్కర్లేదు. ఎటు తిప్పుతామన్నదే అసలు సంగతి.

మా ఊళ్ళో సాయంత్రాలు వాలీబాల్ ఆడే ఒకాయన ఉండేవాడు. ఇరవై ఏళ్ళు ఆడి ఉంటాడు. పొద్దంతా పొలం, సాయంత్రం నెట్టు. పెద్ద పొడుగు కాదు, కానీ బంతి అందదనుకున్న చోట అతని చెయ్యి ఉండేది. మోకాళ్ళు పోయాక ఒకరోజు లోపలికి దిగలేదు. గీత పక్కన కూర్చుని పాయింట్లు లెక్కపెట్టాడు. మర్నాడూ అంతే. ప్రకటన లేదు, వీడ్కోలు లేదు. "ఏందన్నా, ఆడవా?" అని అడిగితే "ఆడిన కదరా" అన్నాడు. ఆయనకు చప్పట్లు కొట్టినవాళ్ళం ఇరవై ముప్పై మందిమి. అయినా బంతి గీత మీద పడిందా బయట పడిందా అని గొడవొస్తే పిల్లలు ఆయన మొహం వైపే చూసేవాళ్ళు. ఆయన ఆటను ఆటగా చూడగలగడం మాకు వచ్చిందంటే, టీవీలో కోల్‌కతాను చూసిన కళ్ళు కూడా అందుకు కొంత కారణమే. దూరపు అభిమానం దగ్గరివాళ్ళ మీదకు తిరిగినప్పుడు దానికి కాళ్ళొస్తాయి. మోకాళ్ళ నొప్పికి మాత్ర తెచ్చివ్వగలం, పక్కన కూర్చోగలం. లక్ష్మణ్‌కు మనం చెయ్యగలిగింది ఏమీ లేదు. అందుకే కాబోలు, అతని దగ్గరే మన లెక్కలన్నీ తీస్తాం.

ఇప్పుడు మన ముందు కొత్తవాళ్ళున్నారు. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025లో అండర్-19 టీ20 ప్రపంచకప్‌లో స్కాట్లాండ్ మీద 110 నాటౌట్ కొట్టింది. ఆ టోర్నీలో సెంచరీ చేసిన మొదటి అమ్మాయి ఆమే. ఫైనల్లో మూడు వికెట్లు తీసి, 44 పరుగులతో నాటౌట్‌గా నిలిచింది. టోర్నీ ఉత్తమ క్రీడాకారిణీ ఆమే. కూతురి ఆట కోసం ఆ కుటుంబం భద్రాచలం వదిలి సికింద్రాబాద్‌కు వచ్చింది. ఈసారి కెమెరా అటు తిరిగి ఉంది. ఫ్లెక్సీలు కూడా లేచాయి. తెలంగాణ పేరు నిలబెట్టిందనీ, ఇంకా నిలబెట్టాలనీ అప్పుడే అంటున్నారు. ఆ "ఇంకా నిలబెట్టాలి" దగ్గరే అప్పు పుస్తకం తెరుచుకుంటుంది. ఆమె ఇంకో ఇరవై ఏళ్ళు ఆడొచ్చు. మధ్యలో వరసగా సున్నాలు కొట్టొచ్చు. ఒకరోజు మైదానంలో కోపంతో అరవొచ్చు. ఏదో ఒక ఆగస్టు నెలలో, మన ఊరి మ్యాచ్‌కు ఐదు రోజుల ముందు, చాలనిపించి ఆపేయొచ్చు. ఆమె ఆడినన్నాళ్ళూ కళ్ళు విప్పుకుని చూస్తే మనకు రావలసింది ఆటలోనే వచ్చేసినట్టు. ఆపైన అడగడానికి ఇంకేమీ మిగలదు.